చేనికి రెండు కొనలు

ఇంట్లో చాప లేనట్టు సిద్ధమ్మ గోడ మీది నల్ల కంబళి దించి, వాకిట్లో పరిచి, దాని మీద ఉలవలు ఆరబోసింది.

శాంతకుమారి పాలు పొంగకుండా దించి బయటికి వచ్చేసరికి కంబళి నిండా ఉలవలు. అత్త పక్కనే కూర్చొని అరచేత్తో పలచగా నెరుపుతోంది.

"అత్తా, చాప ఉండాది గదా."

"చాపకు కంతలు పడిండాయి. గింజలు జారిపోతాయి."

"ఉలవల దుమ్ము కంబళికి పడితే వదలదు. రాత్రంతా ఆయన తుమ్ముతా ఉంటాడు."

"కురబలకోటలో మగ్గం కాడ కూర్చోని నేయించింది నేను. దాని సంగతి నాకు సెప్తావా?"

శాంతకుమారి వంగి కంబళి నాలుగు కొసలూ పట్టి ఎత్తి, ఉలవలు చేటలోకి వంచింది. సగం చేటలో పడ్డాయి, సగం మట్టిలో. సిద్ధమ్మ వీధిలో పోయేవాళ్లందరికీ కనిపించేలా వాకిలి మధ్యలో చతికిలబడి ఒక్కొక్క గింజే ఏరసాగింది.

బావి దగ్గర అద్దం పెట్టుకొని గడ్డం గీసుకుంటున్న సుబ్రహ్మణ్యం తల్లి వైపూ భార్య వైపూ చూసి మళ్లీ అద్దంలోకి చూసుకున్నాడు. ఆ కంబళి తనదే అయినా ఆ తగువు తనది కానట్టు ఉన్నాడు.

కంబళిని దులిపి, మంచానికి ఎదురుగా ఉన్న గోడ మేకులకు శాంతకుమారి మళ్లీ తగిలించింది. సున్నం కొట్టిన గోడ ఎదురుగా ఉంటే అతనికి నిద్ర పట్టదు. దక్షిణాన మంచు భూమికి వెళ్లిన ఓడలో హెలికాప్టరు నడపడానికి అతను కూడా వెళ్లాడు. అక్కడ నేలా తెలుపే, ఆకాశమూ తెలుపే. మబ్బు కమ్మితే నీడ కూడా పడదు. కింద నేల పది అడుగుల దూరంలో ఉందో వంద అడుగుల దూరంలో ఉందో కంటికి తెలియదు. తల్లి చలికని ఇచ్చిన ఈ కంబళిని రాయి కట్టి కిందికి జారవిడిచి, ఆ నల్లటి మచ్చ పక్కన దిగేవాడట. ఒకసారి మంచు తుఫానులో చిక్కుకొని, మెకానిక్కూ తనూ దీన్నే కప్పుకొని పడుకున్నారు. గాలి తగ్గాక మంచు మీద పరిచారు. వెతకడానికి వచ్చినవాళ్లకు మైళ్ల తెలుపులో ముందు కనిపించింది ఇదే. ఇవన్నీ అతను ఒక్కసారి, ఒక్క ఆమెకే చెప్పాడు.

ఉద్యోగం మానుకున్నాక ఇప్పుడు బెంగుళూరు కంపెనీ ఒకదాని తరఫున పంటల మీద మందు చల్లే హెలికాప్టరు నడుపుతున్నాడు. ఈ ఏడు పుంగనూరు చుట్టూ వేరుశనగ చేలను గొంగళిపురుగు పట్టింది.

ముఖం కడుక్కొని వచ్చి కాఫీ అందుకుంటూ, "ఎల్లుండి చిన్నాయన ఊరు. తరవాత కుప్పం," అన్నాడు.

శాంతకుమారి చెయ్యి గ్లాసు మీదే ఉండిపోయింది.

"ఆయన చేనుకు గూడా కొట్టాల్నా?"

"చేను పక్కన రామప్ప మల్బరీ తోట ఉండాది. మందు గాలికి ఆకు మీద పడితే పట్టుపురుగు మొత్తం పోతాది. తోట పక్క చేను కొట్టాల్నా వద్దా అనేది నడిపేవాడి ఇష్టం." కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాడు. "పొద్దు పొడిచే ముందు గాలి నిలబడి ఉంటాది. అప్పుడైతే కొట్టొచ్చు. పొద్దెక్కితే వదిలెయ్యాల్సిందే."

"అయితే పొద్దెక్కినాకే పోండి," అంది ఆమె.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. "సరే" అన్నాడు. మూడేళ్ల కిందట చిన్నాయన ఇంట్లో జరిగినదాని గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది అంతే.

*

దొరస్వామి మర్నాడు సాయంత్రమే మదనపల్లె వచ్చాడు. సుబ్రహ్మణ్యానికి చిన్నాయన, సిద్ధమ్మకు మరిది. ఉతికిన పంచె, భుజాన జరీ కండువా. వెనక మునెప్ప అనే కూలిమనిషి పనసకాయ మోసుకొచ్చి అరుగు కింద పెట్టి, తను ఎండలోనే నిలబడ్డాడు.

"ఏమొదినా, బాగుండావా? మనోడు లేడా?"

"హెలికాప్టరు కాడికి పోయినాడు," అంది సిద్ధమ్మ.

"ఊర్లో అందరూ ఒకటే మాట. నీకేంలే దొరస్వామీ, ఆ నడిపేటోడు మీ అన్న కొడుకే గదా, ముందు నీ చేనుకే కొడతాడు అంటాండారు." నవ్వి తలుపు వైపు చూశాడు. "శాంతమ్మా, యాడుండావమ్మా? కొంచెం కాఫీ నీళ్లు."

శాంతకుమారి కాఫీ తెచ్చి ఇచ్చింది. గ్లాసు అందుకుంటున్న ఆయన కుడిచేతి వైపు చూసింది. ఉంగరం ఉన్న వేలు, దాని పక్క వేలు. ఆ రెండు వేళ్లే.

ఆయన కూతురు గౌరమ్మ సీమంతం రోజున ముత్తైదువలు వరసగా కూర్చున్నారు. ఆయన భార్య అన్నపూర్ణమ్మ పసుపు కుంకుమ తట్టతో ఒక్కొక్కరి దగ్గరా వంగుతూ వస్తోంది. పోస్టాఫీసు నుంచి అప్పుడే వచ్చిన దొరస్వామి గడపలో నిలబడ్డాడు. తట్ట శాంతకుమారి ముందుకు రాగానే చెయ్యి ఎత్తి ఆ రెండు వేళ్లు పక్కకు ఆడించాడు. అంతే. అన్నపూర్ణమ్మ తట్ట మీద కొంగు కప్పుకొని ముందుకు జరిగింది. పక్కన కూర్చున్న సిద్ధమ్మను దాటడం మామూలే, ఆమె భర్త పోయి చాలా కాలమైంది. కాని ఆ దాటడంలోనే కోడలినీ దాటించారు. మంచులో హెలికాప్టరు జాడ తెలియడం లేదని ఫోను వచ్చిన సంగతి శాంతకుమారికి ఆ తరవాత, ఇంకెవరి నోటి నుంచో తెలిసింది. భర్త సంగతి ముందు ఆమెకు చెప్పినవి ఆ రెండు వేళ్లే.

మూడో రోజుకు మనిషి దొరికాడని కబురు వచ్చింది. దొరస్వామి ఊరంతా కలకండ పంచాడు.

"గౌరమ్మ కొడుక్కు ఇప్పుడు ఎన్నేళ్లు మామా?" అని శాంతకుమారి అడిగింది.

"మూడో ఏడు నడుస్తాండాది. గట్టోడు. నా మీసం పట్టుకుంటే వదలడు." ఆయన కాఫీ ఊదుకున్నాడు. కళ్లల్లో ఏమీ కదలలేదు. "ఆ మల్బరీ తోట పేరు జెప్పి నా చేను వదిలేస్తాడేమోనని ఇంత దూరం వచ్చినా. వాడు నా మాట వింటాడో లేదో గాని నీ మాట వింటాడమ్మా."

"ఆయన పని ఆయనది. నేను చెప్పేదేముండాది?"

"సదువుకున్నదానివి. నువ్వు చెప్తే కాదంటాడా?"

ఆమె ఖాళీ గ్లాసు తీసుకొని లోపలికి వెళ్లింది. ఆయన ఒక్క మాట అని ఉంటే, ఆ రోజు తొందరపడినామమ్మా అని ఎటో చూస్తూ అని ఉన్నా, తను ఏం చేసి ఉండేదో ఆమెకే తెలియదు. గుర్తు లేనట్టు ఆయన నటించడం లేదు. నిజంగానే గుర్తు లేదు. అందుకే ఆమెకు ఎక్కువ మండింది.

మునెప్పకు చెంబుతో మజ్జిగ ఇచ్చి, "రేపు చేను కొనలో హెలికాప్టరుకు దారి చూపే జెండా నువ్వేనా పట్టేది?" అని అడిగింది.

"ఊరందరి చేలకూ నేనేనమ్మా. ఇంకో కొనకు మారప్ప. దొరస్వామయ్య తిరగమన్నట్లు తిరగాల, నిలబడమన్నట్లు నిలబడాల." మజ్జిగ తాగి మూతి తుడుచుకున్నాడు. "పై నుంచి చూస్తే మేము పిచికల మాదిరి ఉంటామేమో."

*

మర్నాడు పుంగనూరు పక్కనున్న దొరస్వామి ఊరికి జీపులో బయల్దేరినప్పుడు సిద్ధమ్మ కూడా ఎక్కింది. కొడుకు ఎగరడం ఎప్పుడూ చూడలేదంది. చంకలో నల్ల కంబళి.

"ఆ కంబళి ఎందుకత్తా?"

"కూర్చోవద్దా? బీట్లో పల్లేరుకాయలు ఉంటాయి." ఆగి, "ఉలవలు పొయ్యనులే," అంది.

ఊరి బయట బీడులో మందు డ్రమ్ములు దించి ఉన్నాయి. ముక్కులకు గుడ్డలు కట్టుకొని ఇద్దరు కలుపుతున్నారు. పొద్దు బారెడెక్కింది. సుబ్రహ్మణ్యం హెలికాప్టరు చుట్టూ నడిచి, దాని పొట్ట కింద మందు గొట్టాలకున్న రంధ్రాలు ఒక్కొక్కటే వేలితో తడిమి చూశాడు. గుప్పెడు దుమ్ము తీసి వదిలి గాలి ఎటు పోతోందో చూశాడు. రామప్ప తోట వైపే పోయింది. అతను భార్య వైపు ఒకసారి చూసి లోపలికి ఎక్కాడు.

హెలికాప్టరు లేచేసరికి దుమ్మంతా లేచి ఆడవాళ్ల కొంగులు ఎగిరాయి. రామప్ప తోటకు దూరంగా ఉన్న మొదటి చేను ఒక కొనలో మునెప్ప, ఎదుటి కొనలో మారప్ప, ఇద్దరి చేతుల్లో వెదురు కర్రలకు తెల్లగుడ్డలు. హెలికాప్టరు ఒక జెండా మీదుగా దిగి, చెట్టంత ఎత్తున నేరుగా ఎదుటి జెండా మీదికి పోయింది. వెనక మందు సన్నటి తెరలా వాలింది. అది పోగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఒకేసారి అడుగులు కొలిచి పక్కకు జరిగారు. ఒకడు ముందు జరిగి ఇంకొకడు ఆలస్యం చేస్తే సాలు వంకరపోతుంది. మళ్లీ హెలికాప్టరు వచ్చింది. మునెప్ప ముఖం పక్కకు తిప్పి మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

దొరస్వామి గొడుగు కింద నిలబడి, "జరుగు మునెప్పా, నిద్రపోతాండావా?" అని అరిచాడు.

ఆడవాళ్లు శాంతకుమారి చుట్టూ చేరారు.

"ఆ మంచు దేశంలో ఆడోళ్లు లేరంట గదమ్మా?"

"లేరు."

"మరి సంగటి ఎవరు గెలికేది?"

"సంగటి లేదు. డబ్బాల్లో కూరలంట."

"అందుకే ఆయప్ప అంత సన్నంగా ఉండాడు," అని ఒకామె అంటే అందరూ నవ్వారు.

అన్నపూర్ణమ్మ తట్ట తెచ్చింది. పసుపు, కుంకుమ, తమలపాకులు, పైన రవికగుడ్డ. నడిపే మనిషి పెండ్లాం కాబట్టి వరసలో అందరికంటే ముందు శాంతకుమారి దగ్గరే వంగింది.

"తీసుకో అమ్మా."

శాంతకుమారి చేతులు కొంగులో పెట్టుకుంది.

"ఇప్పుడు కాదు చిన్నత్తా. ఆయన గాల్లో ఉండాడు. దిగొస్తాడో లేదో చిన్నమామను అడిగి, తరవాత ఇయ్యండి."

మెల్లగానే అంది. అయినా అందరికీ వినిపించింది. నవ్వులు ఆగిపోయాయి. అన్నపూర్ణమ్మ వంగినచోటే ఉండిపోయింది. కంబళి మీద కూర్చున్న సిద్ధమ్మ తలెత్తి కోడలిని చూసింది.

అదే నిమిషాన చేల చివరనున్న గుట్ట వెనక్కి తిరిగిన హెలికాప్టరు చప్పుడు తగ్గి, తెగిపోయింది.

ముందు ఎవరికీ తెలియలేదు. తరవాత పిట్టల అరుపులు వినిపించాయి. అందరూ గుట్ట వైపు తిరిగారు. గుట్ట మీద ఏమీ లేదు. ఎండ ఉంది.

అప్పుడు ఆడవాళ్లు శాంతకుమారి వైపు తిరిగారు. తిరిగి, ఒక్కొక్క అడుగే వెనక్కి వేశారు. అన్నపూర్ణమ్మ తట్ట మీద కొంగు కప్పింది. మూడేళ్ల కిందటి చెయ్యే, అదే కొంగు. ఈసారి ఎవరూ వేళ్లు ఆడించనక్కర్లేకపోయింది. ఆ మాట తన నోటితోనే వచ్చింది.

శాంతకుమారి పరుగెత్తలేదు, ఏడవలేదు. వెళ్లి కంబళి మీద అత్త పక్కన కూర్చుంది. సిద్ధమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు నొప్పి పుట్టింది.

గొడుగు కింద నుంచి దొరస్వామి గొంతు వినిపించింది. "అయ్యో, నా చేను మిగిలిపాయెనే."

ఆ మాట విని ఆమె ఆయన వైపు తిరిగి చూసింది.

గుట్ట వైపు పరుగెత్తినవాడు మునెప్ప ఒక్కడే. జెండా కర్ర చేతిలో ఉందన్న సంగతే మరిచి, పురుగు పట్టిన చేలకు అడ్డం పడి ఎక్కాడు. కొంతసేపటికి గుట్ట నెత్తిన నిలబడి తెల్లగుడ్డ అటూ ఇటూ ఊపాడు. ఆ వెనకే చప్పుడు లేచింది. హెలికాప్టరు అతని తల మీదుగా పైకి వచ్చింది.

*

"మందు గొట్టం ఊడిపోయింది. బండ మీద దించి బిగించినా," అన్నాడు సుబ్రహ్మణ్యం చేతులు తుడుచుకుంటూ. భార్య ముఖం చూసి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "చిన్నాయన చేను వదిలేసినా," అన్నాడు.

ఆమె గనిమ గట్టు మీదికి వెళ్లి ఆ చేను చూసింది. సగం మొక్కలకు ఆకు లేదు, ఈనెలు మిగిలాయి. ఎర్రటి గొంగళిపురుగులు ఒకదాని మీద ఒకటి పాకుతూ గనిమ దాటుతున్నాయి. వింటే ఎండుటాకులు నలిగినట్టు మేస్తున్న చప్పుడు. ఇంకో రెండు దినాలకు మట్టి తప్ప ఏమీ ఉండదు. కోరుకున్నది ఇదే. చూడడానికే వచ్చింది.

వెనక దొరస్వామి నలుగురితో చెబుతున్నాడు. "మల్బరీ అడ్డమంట. రూలంట. వాడు మాత్రం ఏం చేస్తాడు పాపం, నా బిడ్డ. రామప్ప తోట నా కర్మకు దొరికింది." చుట్టూ ఉన్నవాళ్లు అయ్యో అంటున్నారు. ఒకతను ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

శాంతకుమారి గనిమ మీదే నిలబడిపోయింది. ఆయనకు నష్టం వచ్చింది, అవమానం రాలేదు. పైగా ఊరి జాలి కూడా దక్కుతోంది. ఇది తను చేయించిందని ఎవరికీ తెలియదు. ఎందుకు చేయించిందో అసలే తెలియదు. తనను దాటింది ఊరందరి కళ్లముందు. ఇదేమో రూలు చాటున.

ఎదుటి గనిమ మీద మునెప్ప కూర్చొని బిందె నీళ్లతో కళ్లు కడుక్కుంటున్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పక్కన అతని జెండా, మారప్ప జెండా రెండూ నేల మీద పడి ఉన్నాయి. ఆమె ఆ రెండు కర్రలనూ, వాటి మధ్య చేను పొడవునూ చాలాసేపు చూసింది.

"భోజనాలకు రండమ్మా," అని అన్నపూర్ణమ్మ దూరం నుంచే పిలిచింది. వస్తారని అనుకోని పిలుపు.

"వస్తాండామత్తా," అంది శాంతకుమారి.

*

దొరస్వామి ఇంటి ముందరి పడసాలలో విస్తళ్లు వేశారు. దొరస్వామి, సుబ్రహ్మణ్యం, రామప్ప, ఇంకో ఇద్దరు దాయాదులు. ఆడవాళ్లు తరవాత తినడం ఆ ఇంటి ఆనవాయితీ. శాంతకుమారి పీట తెచ్చుకొని, భర్త పక్కన కాకుండా దొరస్వామికి సరిగ్గా ఎదురుగా వేసుకొని కూర్చుంది. అన్నపూర్ణమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన, "పెట్టు, పెట్టు, ఆకలి మీద ఉంటాది," అన్నాడు. గౌరమ్మ వదిన ముందు ఆకు వేసి, వేడి సంగటి ముద్ద, పక్కన ఊరిబిండి పచ్చడి పెట్టింది.

సిద్ధమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది. ఒళ్లో కంబళి.

"మంచి మందంట," అన్నాడు రామప్ప. "పడిన చేలల్లో అప్పుడే పురుగు రాల్తాండాది."

"నీ తోట లేకపోతే నా చేనులో పురుగూ రాలును," అన్నాడు దొరస్వామి. "రేపు కుప్పం పోతారు. ఇంక ఈ పక్కకు యాడొస్తారు."

శాంతకుమారి సంగటి తుంచి పులుసులో ముంచింది. తిని, మింగి, తలెత్తింది.

"రేపు పొద్దు పొడిచే ముందు గాలి ఉండదు మామా. అప్పుడు మీ చేనుకు కొడతారు. అది అయినాకే కుప్పం."

సుబ్రహ్మణ్యం చెయ్యి ఆకు మీద ఆగింది. ఆమె అతని వైపు చూడలేదు.

దొరస్వామి ముఖం విప్పారింది. "నేను అనలేదా, శాంతమ్మ చెప్తే అయితాదని. మునెప్పకు చెప్పి జెండాలు..."

"మునెప్ప వద్దు. ఆయప్ప కళ్లు మూసుకుపోయినాయి. ఒక కొనకు జెండా నేను పడతా."

"నువ్వా?"

"ఇంకో కొనకు మీరు."

గౌరమ్మ పులుసు గిన్నెతో గడపలో నిలబడింది.

"జెండా పట్టేది కూలోళ్ల పని గదమ్మా," అన్నాడు దొరస్వామి నవ్వబోయి.

"అవును. నేను పడతా అంటాండా గదా." ఆమె గొంతు పెరగలేదు. "పెద్ద కష్టమేం కాదు మామా. నన్నే చూస్తా ఉండాల. నేను చెయ్యి ఎత్తి రెండు వేళ్లు పక్కకు ఆడిస్తా. అప్పుడు మీరు పక్కకు జరగాల. మళ్లీ ఆడిస్తా, మళ్లీ జరగాల. చేను అయ్యేదాకా." ఎడమచెయ్యి ఎత్తి రెండు వేళ్లు మెల్లగా పక్కకు ఆడించి చూపింది. "ఇట్లా. మీకు తెలుసు గదా."

వెనక అన్నపూర్ణమ్మ చేతిలో గరిటె గిన్నెకు తగిలి మోగింది. దొరస్వామి ఆ వేళ్ల వైపు చూశాడు. తన ముందున్న సంగటి వైపు చూశాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. ఆమె ఆ గుర్తు రావడాన్ని మొదటి నుంచి చివరిదాకా చూసింది.

"ఒరే సుబ్రహ్మణ్యం, నువ్వైనా చెప్పరా," అన్నాడు దొరస్వామి.

సుబ్రహ్మణ్యం నీళ్లు తాగి గ్లాసు పెట్టాడు. "మందు మీద పడతాది శాంతా."

"మునెప్ప మీద పడలేదా?"

అతను కాసేపు ఆమెనే చూశాడు. తెల్లటి గోడల మధ్య కంటికి ఆనే మచ్చ ఒకటి దొరికినట్టు చూశాడు.

"జెండాలు యాడుంటే ఆడికి ఎగరతా చిన్నాయనా. రెండు కొనలా మనుషులు లేకపోతే ఎగరను," అన్నాడు.

సిద్ధమ్మ ఒళ్లోని కంబళి మడత విప్పింది. అతుక్కున్న ఒక ఉలవగింజ గిల్లి పారేసి, కోడలి పీట పక్కన పెట్టింది. "నెత్తి మీద నుంచి కప్పుకో," అంది. ఆ తరవాత మరిది వైపు తిరిగి, "నువ్వూ ఏదన్నా కప్పుకో నాయనా, ఆ జరీ కండువా ఆగదు," అంది.

శాంతకుమారి ఆకులో మిగిలిన సంగటి తుంచింది.

"చిన్నత్తా, ఆ పొద్దు సీమంతానికి కూర్చున్నోళ్లందరినీ రేపు గనిమ మీదికి రమ్మని చెప్పండి. తట్ట గూడా తెండి. ఈసారి ఆయన ఎగరక ముందే తీసుకుంటా."

దొరస్వామి తలెత్తకుండానే, "ఎన్ని గంటలకు రావాల?" అని అడిగాడు.

"కోడి కూసేసరికి చేనులో ఉండండి మామా," అంది శాంతకుమారి. "నేను చెయ్యి ఎత్తేసరికి కనపడాల."